సిస్టంలో స్టాక్ ఉంది, లైన్ మీద సరుకు లేదు: ప్రొడక్షన్ ఆర్డర్ స్టేజింగ్‌లో తేడాలు

షిఫ్ట్_బి (ప్రశ్న)

ప్రొడక్షన్ ఆర్డర్లని వేర్‌హౌస్ సాఫ్ట్‌వేర్‌తో కలిపాక మూడు చోట్ల లెక్క తేలడం లేదు. ముందు సెటప్ చెప్తాను.

చిన్న వాటర్ పంపుల అసెంబ్లీ. ఒక్కో ఆర్డర్ 240 పంపులు, గంటకి 30 చొప్పున ఎనిమిది గంటల పని. ఒక పంపుకి బీఓఎం (కావలసిన భాగాల పట్టిక): కేసింగ్ 1, ఇంపెల్లర్ 1, మెకానికల్ సీల్ 1 (పాడయ్యేవాటికి 2 శాతం స్క్రాప్ పెట్టాం), 6203 బేరింగ్ 2, ఎం6 బోల్ట్ 8, కేబుల్ 1.5 మీటర్లు, గ్రీజు 15 గ్రాములు. బోల్టులు వెయ్యి పెట్టెలో వస్తాయి, కేబుల్ 100 మీటర్ల చుట్టల్లో. పంపు పూర్తయినట్టు నమోదు చేయగానే మెటీరియల్ అంతా బ్యాక్‌ఫ్లష్‌లో, అంటే బీఓఎం లెక్క ప్రకారం దానంతటదే, ఖర్చు పడుతుంది.

తేడాలు ఇవీ:

ఒకటి. ఆర్డర్ రిలీజ్ చేసేటప్పుడు అన్నిటికీ పచ్చ గుర్తే వస్తుంది. ఐదో గంటకల్లా బేరింగులు అయిపోయి లైన్ ఆగుతుంది. ఆర్డర్‌కి కావలసినవి 480, సిస్టంలో 520 ఉన్నాయి. స్టోర్స్ ర్యాక్‌లో లెక్కపెడితే 300.

రెండు. లైన్ బిన్‌లో (లైన్ పక్కన సరుకు ఉంచే చోటు) బోల్టులు మైనస్ 1920 చూపిస్తోంది. అదే సమయంలో మెయిన్ స్టోర్స్‌లో ఫిజికల్ కౌంట్ కంటే 2000 ఎక్కువ చూపిస్తోంది.

మూడు. గ్రీజు ఆర్డర్‌కి 4.8 కిలోలు ఖర్చు పడుతోంది. నిజంగా వాడేది 3.6 దగ్గర.

ఇంకో సందేహం. ప్రస్తుతం ప్రతి కాంపోనెంట్‌నీ ఆర్డర్ వారీగా పికింగ్ చేస్తున్నాం, అంటే పికర్ 1920 బోల్టులు లెక్కపెట్టి తేవాలి. ఇదేనా పద్ధతి?

---

బిన్_07

మూడూ వేర్వేరు జబ్బులండీ. ఒకే మందు పనిచేయదు.

బేరింగుల సంగతి ముందు. 300 అంటే 150 పంపులకి సరి, గంటకి 30 చొప్పున సరిగ్గా ఐదు గంటలు. మీ లైన్ ఐదో గంటకి ఆగుతోందంటే ఆ 300 మాత్రం లెక్క ప్రకారమే ఖర్చవుతున్నాయి. మిగతా 220 ఇంకెక్కడో ఉండి ఉండాలి, ఈ లైన్‌కి అందే చోట లేవు. స్టాక్ రిపోర్టుని ప్లాంట్ మొత్తం మీద కాకుండా లొకేషన్ వారీగా, స్టాక్ స్టేటస్ వారీగా తీయండి. మిగిలినవి వేరే లైన్ బిన్‌లోనో, క్వాలిటీ హోల్డ్‌లోనో (నాణ్యత తనిఖీకి ఆపిన సరుకు) తేలతాయి.

అందుబాటు చెకింగ్ దేన్ని లెక్కలోకి తీసుకుంటుందో సెట్టింగ్స్‌లో చూడండి. చాలా సాఫ్ట్‌వేర్లలో మనం మార్చకపోతే వేర్‌హౌస్ మొత్తాన్నీ కలిపి చూస్తుంది. అందులోంచి ఇతర లైన్ల సప్లై బిన్లు, క్వాలిటీ హోల్డ్, రిటర్న్ ర్యాక్, తిరస్కరించిన సరుకు తీసేయాలి.

ఇంకోటి, చూడటం వేరు, పట్టి ఉంచడం వేరు. రిలీజ్‌లో చెకింగ్ మాత్రమే జరిగి రిజర్వేషన్ పడకపోతే, పొద్దున రిలీజ్ చేసిన రెండు ఆర్డర్లూ సిస్టంలోని అవే 520 బేరింగులని చూసి రెండూ పచ్చగా కనిపిస్తాయి. అలాగని నెల ముందే రిజర్వ్ చేసినా చిక్కే: వచ్చే వారం ఆర్డర్ కోసం కట్టేసిన సరుకు ఇవాళ్టి ఆర్డర్‌కి దొరకదు. ఓడూ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆపరేషన్ టైప్ సెట్టింగ్ దగ్గర దీనికి మూడు ఎంపికలుంటాయి: కన్ఫర్మ్ చేయగానే, మాన్యువల్‌గా, షెడ్యూల్ తేదీకి ఇన్ని రోజుల ముందు. ఎనిమిది గంటల ఆర్డర్లకి మూడోదే సరైనది, ఒక్క రోజు చాలు.

ఇక ప్రతిదీ ఆర్డర్ వారీగా పికింగ్ చేయడం. వద్దండీ. స్టేజింగ్ పద్ధతి, అంటే సరుకుని లైన్ దగ్గరికి చేర్చే తీరు, ఆర్డర్‌కి కాదు, కాంపోనెంట్‌కి నిర్ణయించాలి. ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్ సైకిల్ అనే రికార్డులో మెటీరియల్‌కీ, సప్లై ఏరియాకీ (లైన్‌కి సరుకు అందించే చోటు) కలిపి ఇదే పెడతారు: పిక్ పార్ట్, క్రేట్ పార్ట్, రిలీజ్ ఆర్డర్ పార్ట్. మీ దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా ఈ విభజన పనికొస్తుంది.

పిక్ పార్ట్ అంటే ఆర్డర్‌కి ఎంత కావాలో అంతే లెక్కపెట్టి తేవడం. మీ కేసింగ్, ఇంపెల్లర్, సీల్ ఇందులోకి వస్తాయి. ఖరీదైనవి, చోటు ఆక్రమించేవి, మోడల్ మారితే మారేవి.

క్రేట్ పార్ట్ అంటే పెట్టె ఖాళీ అయితే నిండు పెట్టె రావడం. ఏ ఆర్డర్‌దో పట్టించుకోరు. బోల్టులు, గ్రీజు డబ్బా, కేబుల్ చుట్ట. 1920 బోల్టులు లెక్కపెట్టించడం మనిషి టైంని చేజేతులా పారేయడమే, పైగా ఆ లెక్క తప్పకుండా తప్పుతుంది.

రిలీజ్ ఆర్డర్ పార్ట్ అంటే అనేక ఆర్డర్ల అవసరాన్ని కలిపి, లైన్ బిన్‌లో ఇప్పటికే ఉన్నది తీసేసి, తగ్గినంత తేవడం. బేరింగులకి ఇది సరిపోతుంది. రెండు మూడు పంపు మోడళ్లకి అదే 6203 పడుతుంది కాబట్టి.

---

బ్యాక్‌ఫ్లష్_బాధితుడు

బోల్టుల మైనస్ గురించి నేను చెప్తాను. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి: మైనస్ 1920, ప్లస్ 2000. రెండు నిండు పెట్టెలు నిజంగా లైన్ మీదికి వచ్చాయి, కానీ ట్రాన్స్‌ఫర్ టాస్క్ ఎవరూ కన్ఫర్మ్ చేయలేదు. సిస్టం దృష్టిలో ఆ పెట్టెలు ఇంకా మెయిన్ స్టోర్స్‌లోనే ఉన్నాయి. ఇటు పంపులు పూర్తయ్యేకొద్దీ బ్యాక్‌ఫ్లష్ లైన్ బిన్ నుంచి ఎనిమిదేసి బోల్టులు తీస్తూ పోయింది. 240 ఎనిమిదులు 1920. బిన్‌లో సున్నా ఉంటే మైనస్‌కే పోతుంది కదా.

ఇప్పుడు దయచేసి స్టాక్ అడ్జస్ట్‌మెంట్ వేయకండి. అందరూ చేసే పొరపాటు అదే. లైన్ బిన్‌కి ప్లస్ 1920 అడ్జస్ట్ చేసి సున్నా చేస్తారు. రెండ్రోజులకి ఎవరో పెండింగ్ ట్రాన్స్‌ఫర్ చూసి కన్ఫర్మ్ చేస్తారు, బిన్‌లోకి 2000 పడతాయి. పెట్టె తెరిస్తే ఉండేవి 80. అక్కడినుంచి రీప్లెనిష్‌మెంట్ (మళ్లీ నింపమనే) పిలుపు రాదు, ఎందుకంటే సిస్టం లెక్కలో బిన్ నిండుగా ఉంది.

చేయాల్సింది వరసగా: పెండింగ్ ట్రాన్స్‌ఫర్‌ని 2000కి కన్ఫర్మ్ చేయండి. మైనస్ 1920కి 2000 కలిస్తే 80 వస్తుంది. లైన్ దగ్గరికెళ్లి పెట్టెలో 80 ఉన్నాయో లేదో చూడండి. 74 ఉంటే అప్పుడు ఆ ఆరుకి మాత్రమే కౌంట్ తేడా రాయండి.

మైనస్ స్టాక్ అనుమతించకుండా పెట్టిన చోట కథ వేరేగా ఉంటుంది. ఎస్ఏపీలో 261 (ఆర్డర్ మీద ఖర్చు రాసే) పోస్టింగ్ ఫెయిలయి సీఓజీఐ అనే తప్పుల జాబితాలో పోగవుతుంది. పంపు స్టాక్‌లోకి వచ్చేస్తుంది, దాని బోల్టులు మాత్రం ఖర్చు పడవు. అక్కడ కూడా ముందు ట్రాన్స్‌ఫర్ సరిచేసి, తర్వాత జాబితాలోని లైన్లని మళ్లీ ప్రాసెస్ చేయాలి. వాటిని డిలీట్ చేస్తే ఆ ఖర్చు ఆర్డర్ మీద ఎప్పటికీ పడదు. ఈ జాబితాని రోజూ షిఫ్ట్ చివర ఖాళీ చేయాలి. నెలాఖరుకి వదిలేస్తే ఏ ఎంట్రీ ఏ పెట్టెదో ఎవరికీ గుర్తుండదు.

మైనస్ అనుమతించాలా వద్దా అని ఎలాగూ అడుగుతారు. నా ఓటు: మెయిన్ స్టోర్స్‌లో వద్దు, క్రేట్ పార్టుల లైన్ బిన్లలో ఉండనివ్వండి. మైనస్ కనిపించడం వల్లే కదా ఇప్పుడు ఈ తప్పు దొరికింది.

---

మూడో_దశాంశం

గ్రీజు లెక్క చూడగానే తెలిసిపోతోంది. స్టాక్ యూనిట్ కిలో, దశాంశ స్థానాలు రెండు, అవునా? 15 గ్రాములంటే 0.015 కిలోలు. రెండు స్థానాలకి రౌండ్ చేస్తే 0.02. 240 సార్లు 0.02 అంటే 4.8. నిజంగా 240 సార్లు 0.015 అంటే 3.6. ఆర్డర్‌కి 1.2 కిలోల గ్రీజు కాగితం మీదే కరిగిపోతోంది.

పరిష్కారాలు రెండు. స్టాక్ యూనిట్‌నే గ్రాములకి మార్చడం ఒకటి. లావాదేవీలు ఉన్న ఐటమ్‌కి యూనిట్ మార్చనివ్వవు చాలా సిస్టంలు, కొత్త ఐటమ్ కోడ్ తెరవాల్సి రావచ్చు. రెండోది తేలిక: బీఓఎం బేస్ క్వాంటిటీని ఒక పంపుకి కాకుండా 100 పంపులకి రాయడం. అప్పుడు గ్రీజు 1.5 కిలోలు, రౌండింగ్‌కి చిక్కదు. కానీ ఒక షరతు ఉంది. మీరు పంపుల్ని ఒక్కొక్కటిగా స్కాన్ చేసి పూర్తి నమోదు చేస్తుంటే, బ్యాక్‌ఫ్లష్ మళ్లీ ఒక్క పంపుకి 0.015 లెక్కేసి రౌండ్ చేసే అవకాశం ఉంది. పది పంపుల బ్యాచ్‌గా నమోదు చేస్తే 0.15 అవుతుంది, సరిపోతుంది. ముందు టెస్ట్ ఆర్డర్ ఒకటి వేసి చూడండి.

స్క్రాప్ శాతం కూడా ఒకసారి చూసుకోండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు గుణిస్తాయి, కొన్ని భాగిస్తాయి. సీల్‌కి 2 శాతం మీద 240 సార్లు 1.02 అంటే 244.8, 240ని 0.98తో భాగిస్తే 244.9. రెండూ పైకి రౌండయితే 245, తేడా తెలియదు. అదే 10 శాతం పెట్టిన ఐటమ్ అయితే ఒక దారిలో 264, ఇంకో దారిలో 267. మీ 10 శాతం అర్థం ‘తెచ్చిన వాటిలో పదో వంతు పాడవుతాయి’ అయితే 264 చాలవు, చివర రెండు మూడు తగ్గుతాయి.

కేబుల్ అడగలేదు గానీ అదీ తేడా ఇస్తుంది. 100 మీటర్ల చుట్టలో 1.5 మీటర్ల ముక్కలు 66 వస్తాయి, చివర ఒక మీటరు వృథా. 240 ముక్కలకి మూడు చుట్టలు పూర్తిగా (198 ముక్కలు), నాలుగో దాంట్లోంచి 42 ముక్కలు. సిస్టం ఖర్చు 360 మీటర్లు రాస్తుంది, నిజంగా పోయేది 363. ఆర్డర్‌కి మూడు మీటర్లే అనిపిస్తుంది, కానీ పాతిక ముప్ఫై ఆర్డర్లకి ఒక చుట్ట మాయం. దీన్ని శాతంలో పెట్టకండి, బీఓఎంలో 1.515 మీటర్లు రాసేయండి. 66 ముక్కలకి 99.99, దాదాపు చుట్ట పొడవే.

---

షిఫ్ట్_బి

లొకేషన్ వారీ రిపోర్ట్ తీశాను. 180 రెండో లైన్ బిన్‌లో, 40 క్వాలిటీ హోల్డ్‌లో. బోల్టుల ట్రాన్స్‌ఫర్ కూడా పెండింగే.

రెండు ప్రశ్నలు. క్రేట్ పార్ట్‌గా పెడితే లైన్ దగ్గర ఎన్ని పెట్టెలు ఉంచాలి? 100 పంపులు అయ్యాక సీల్ మోడల్ మారితే మిగతా 140 సంగతేంటి? మాస్టర్ బీఓఎం మార్చినా ఆర్డర్‌లో పాత సీలే కనిపిస్తోంది.

---

బిన్_07

పెట్టెల లెక్క: గంట వాడకాన్ని రీప్లెనిష్‌మెంట్ సమయంతో గుణించి, భద్రత శాతం కలిపి, పెట్టెలో పట్టేదానితో భాగించాలి. గంటకి 30 పంపులు, పంపుకి 8, అంటే 240 బోల్టులు. స్కాన్ చేసిన దగ్గరనుంచి పెట్టె లైన్‌కి చేరడానికి రెండు గంటలు, భద్రత 25 శాతం అనుకుంటే 600.

ఇక్కడ కొంచెం ఆగి చూడండి. కొందరు వెయ్యి పెట్టెని రెండు 500 ట్రేలుగా పంచుతారు. ఒక ట్రే ఖాళీ అయి పిలుపు వెళ్లాక రెండోది 500తో నడవాలి. 240తో భాగిస్తే రెండు గంటల ఐదు నిమిషాలు. ఫోర్క్‌లిఫ్ట్ పది నిమిషాలు ఆలస్యమైతే లైన్ ఆగుతుంది. కావలసింది 600, ఉన్నది 500. పంచడం మానేసి నిండు వెయ్యి పెట్టెలే రెండు పెట్టండి. ఒకటి అయిపోయాక రెండోది నాలుగు గంటల పైన నడుస్తుంది. లెక్కపెట్టే పనీ లేదు, ట్రేలో పోసేటప్పుడు కింద రాలేవీ ఉండవు.

స్కాన్ పెట్టె ఖాళీ అయినప్పుడే చేయాలి, తెరిచినప్పుడు కాదు. ఆ బిన్‌కి తెరిచి ఉన్న టాస్క్ ఒకటి ఉంటే రెండో స్కాన్‌ని సాఫ్ట్‌వేర్ తిరస్కరించేలా పెట్టండి. లేకపోతే షిఫ్ట్ మారేటప్పుడు ఇద్దరూ చెరోసారి స్కాన్ చేస్తారు, లైన్ దగ్గర అదనంగా పెట్టె వచ్చి కూర్చుంటుంది, దానికి చోటుండదు.

రెండో లైన్ బిన్‌లోని 180 బేరింగులని మీ లైన్‌కి తెచ్చుకోవాలంటే చేత్తో తెచ్చుకోవద్దు, బిన్ నుంచి బిన్‌కి ట్రాన్స్‌ఫర్ వేసి తెండి. లేదంటే రేపు మీ లైన్ మైనస్, ఆ లైన్ ప్లస్. మళ్లీ ఇదే ప్రశ్న ఇక్కడికే వస్తుంది.

అన్నట్టు, ఖర్చు ఏ లొకేషన్ నుంచి పడుతుందో ఒకసారి ధ్రువీకరించుకోండి. ఓడూలో ఒక్క అంచె తయారీ పెడితే కాంపోనెంట్లు మెయిన్ స్టాక్ నుంచే నేరుగా ఖర్చు పడతాయి. రెండంచెలు పెడితే ముందు ప్రీ ప్రొడక్షన్ లొకేషన్‌కి పికింగ్, ఖర్చు అక్కడినుంచి. మూడంచెల్లో తయారైన సరుకుని స్టోర్స్‌కి చేర్చే కదలిక కూడా వేరుగా వస్తుంది. మనుషులు రెండంచెల్లో పనిచేస్తూ సిస్టం ఒక్క అంచెలో ఉంటే ఏ అంకే కుదరదు.

---

రివిజన్_సి

సీల్ మార్పు గురించి. ఆర్డర్ తయారైనప్పుడు బీఓఎం కాపీ ఒకటి దానిలోకి వెళ్తుంది. తర్వాత మాస్టర్ మార్చినా తెరిచి ఉన్న ఆర్డర్ మారదు. ఇది లోపం కాదు, కావాలని పెట్టిందే. లేకపోతే స్టేజింగ్ అయిన సరుకుకీ, ఆర్డర్ కోరేదానికీ పొంతన ఉండదు.

ఆర్డర్‌లో సీల్ కోడ్‌ని చేత్తో మార్చకండి. అయిపోయిన 100 పంపులకి ఏ సీల్ పడిందో రికార్డు కలగాపులగం అవుతుంది. ఇలా చేయండి:

పాత ఆర్డర్‌లో 100 పూర్తయినట్టు నమోదు చేసి, పాడైన సీళ్లని స్క్రాప్‌గా రాయండి. స్టేజింగ్‌లో 245 వచ్చాయి. 100 బిగించి 3 పాడయ్యాయనుకుంటే 142 మిగలాలి. వాటిని లెక్కపెట్టి, అదే లాట్ (ఒకే విడతలో వచ్చిన సరుకు) నంబర్‌తో స్టోర్స్‌కి రిటర్న్ ట్రాన్స్‌ఫర్ వేయండి. ఎస్ఏపీలో 262 వేయకూడదు. అది ఖర్చయినదాన్ని వెనక్కి తీసుకునే పోస్టింగ్. ఈ 142 ఇంకా ఖర్చే పడలేదు, లైన్ బిన్‌లో స్టాక్‌గానే ఉన్నాయి. అక్కడ చాలామంది పొరబడతారు.

తర్వాత పాత ఆర్డర్‌ని క్లోజ్ చేయండి. ఎస్ఏపీలో టెక్నికల్ కంప్లీషన్ పెడితే మిగిలిన రిజర్వేషన్లు పోతాయి. క్లోజ్ చేయకుండా వదిలేస్తే 140 పంపుల రిజర్వేషన్ అలాగే బతికి ఉంటుంది: 280 బేరింగులు, 1120 బోల్టులు కట్టేసి కూర్చుంటుంది. మీ మొదటి ప్రశ్నలోని సమస్య ఇంకో వేషంలో వచ్చినట్టే. ఆ తర్వాత కొత్త బీఓఎంతో 140కి కొత్త ఆర్డర్. కేసింగ్, ఇంపెల్లర్ లైన్ దగ్గరే ఉన్నాయి కాబట్టి వాటిని మళ్లీ పికింగ్ చేయించకండి. సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే బిన్‌లో ఉన్న స్టాక్‌ని కొత్త ఆర్డర్‌కి కేటాయించండి. ఈడబ్ల్యూఎంలో (ఎస్ఏపీ వారి వేర్‌హౌస్ సాఫ్ట్‌వేర్) సింగిల్ ఆర్డర్ స్టేజింగ్, అంటే ఒకే ఆర్డర్ పేరున తేవడం, పెట్టిన సరుకు మీద పాత ఆర్డర్ గుర్తు ఉంటుంది, ముందు దాన్ని విడిపించాలి. అనేక ఆర్డర్లకి ఉమ్మడిగా తెచ్చే క్రాస్ ఆర్డర్ స్టేజింగ్‌లో ఆ తలనొప్పి లేదు.

సీల్‌కి లాట్ ట్రేసింగ్ కావాలంటే బ్యాక్‌ఫ్లష్‌ని నమ్మకండి. అది సాధారణంగా ఫీఫో (ముందొచ్చింది ముందు) ప్రకారం పాత లాట్‌ని ఖర్చు రాస్తుంది, ఆపరేటర్ చేతికి అందినది బిగిస్తాడు. రెండు లాట్లు ఒకే బిన్‌లో కలిసిన క్షణం నుంచీ ఆ రికార్డు ఊహే. ట్రేసింగ్ కావలసిన ఒకటి రెండు ఐటమ్‌లకి మాత్రం స్కాన్ చేసి ఖర్చు రాయించండి, మిగతావి బ్యాక్‌ఫ్లష్‌లో పోనివ్వండి. బోల్టులకి కూడా లాట్ స్కాన్ పెట్టిస్తే వారం తిరక్కుండా ఒకే లేబుల్‌ని గోడకి అంటించి దాన్నే స్కాన్ చేస్తుంటారు.

---

షిఫ్ట్_బి

పాత సీళ్లు 142కి బదులు 139 తేలితే? ఆ మూడింటిని స్క్రాప్‌లో కలపొచ్చా?

---

రివిజన్_సి

కలపకండి. స్క్రాప్ బిన్‌లో నిజంగా ఆరు సీళ్లు కనిపిస్తేనే ఆరు రాయండి. కనిపించకపోతే మూడు స్క్రాప్, మూడు కౌంట్ తేడా. రెంటినీ కలిపేస్తే సీల్ స్క్రాప్ 2 శాతం చాలడం లేదని ఎవరో దాన్ని 5 చేస్తారు, అప్పటినుంచి ప్రతి ఆర్డర్‌కీ 252 సీళ్లు లైన్ మీదికి వస్తాయి.